జనపనార షీట్లలో రెడ్‌మడ్: బుడగలు ఎలా పోయాయంటే

రాయగడలో మా షెడ్డులో జనపనార, ఎపాక్సీ రెజిన్‌తో షీట్లు పోస్తాం. దమన్‌జోడి అల్యూమినా రిఫైనరీలో బాక్సైట్ నుంచి మిగిలే ఎర్రమట్టి వ్యర్థం (రెడ్‌మడ్) 10 శాతం కలిపితే షీటు నిండా సూదిబెజ్జాలు, అడుగున ఎర్రటి ఉండలు. ఎక్కువసేపు కలపడం, హార్డెనర్ (రెజిన్‌ను గట్టిపరిచేది) పెంచడం, పొడి తగ్గించడం... ఏవీ పనిచెయ్యలేదు.

తేమ మీద అనుమానం వచ్చింది. చేతికి పొడిగా తగిలినా రెడ్‌మడ్‌లో నీరు ఉంటుంది. ముందు గ్లౌజులేసుకుని (కాస్టిక్ సోడా మిగిలుంటుంది) నీళ్లు మార్చి మార్చి కడిగి తేర్చాను. క్షారం పూర్తిగా పోదు, తగ్గితే చాలు. తర్వాత ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, వేడి మీదే 75 మైక్రాన్ల జల్లెడ పట్టి, బిగుతు మూత డబ్బాలో చల్లార్చాను. నారనూ బాగా ఆరబెట్టాను. పొడిని రెజిన్‌లో కలిపి, బుడగలు పైకి తేలాకే హార్డెనర్ వేశాను.

బెజ్జాలు దాదాపు పోయాయి. అయితే ఒక్కో రిఫైనరీ మట్టి ఒక్కోలా ఉంటుంది. పాలిస్టర్ రెజిన్‌తో నేను చూడలేదు. వానాకాలంలో మాత్రం డబ్బా తెరిచిన పూటే పొడి వాడేయండి.