కార్బన్ ఫుల్ సస్పెన్షన్ సైకిల్ ఫ్రేమ్ సంరక్షణ – ఐదవ పాఠం: పివట్ బేరింగులు

గత పాఠంలో వెనుక చక్రం కుదుపులను తట్టుకునే షాక్‌ను ఫ్రేమ్ నుంచి విడదీసి, దాని రెండు చివర్లలోని బుషింగులను (అరుగుదలను తట్టుకునే చిన్న తొడుగులను) పరిశీలించాము. ఆ షాక్‌ను ఇంకా బిగించకండి. షాక్ ఉన్నంతసేపు దాని ఒత్తిడి పివట్లలోని (ఫ్రేమ్ భాగాలు కదిలే కీళ్లలోని) లోపాలను కప్పివేస్తుంది కాబట్టి, ఈ పాఠానికి అది పక్కన ఉండడమే మంచిది.

వెనుక చక్రాన్ని కూడా తీసి, స్వింగ్ ఆర్మ్‌ను (వెనుక చక్రాన్ని మోస్తూ పైకీ కిందికీ కదిలే ఫ్రేమ్ భాగాన్ని) చేత్తో పట్టుకుని, కింది కొస నుంచి పై కొస వరకు నెమ్మదిగా ఆడించండి. కదలిక మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా ఉండాలి; ఇసుక నలిగినట్లుగానో, ఒకచోట పట్టి వదిలినట్లుగానో తోస్తే ఏదో ఒక బేరింగు పాడైనట్టే. అది ఏదో తెలుసుకోవడానికి లింకు (స్వింగ్ ఆర్మ్‌ను ఫ్రేమ్‌కు కలిపే కదిలే ముక్క), ఫ్రేమ్ కలిసే చోట రెండింటికీ తగిలేలా చూపుడు వేలు ఆనించి, రెండో చేత్తో స్వింగ్ ఆర్మ్‌ను అటూ ఇటూ పక్కలకు కదపండి. కంటికి కనిపించని లూజు వేలికి తెలుస్తుంది. ఒక్కొక్క పివట్ దగ్గర ఇలా చూసి, దొరికినది రాసిపెట్టుకున్న తరువాతే అలెన్ కీ చేతిలోకి తీసుకోండి. లోపం ఎక్కడుందో తెలియకుండా బోల్టులన్నీ మరింత బిగించడం వల్ల లూజు పోదు, బేరింగు మాత్రం త్వరగా అరుగుతుంది.

ఈ బేరింగులు ఇంత త్వరగా ఎందుకు పాడవుతాయన్నది అర్థం చేసుకోవలసిన విషయం. చక్రంలోని బేరింగు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి బరువు అన్ని గోళీల మీదా వంతులవారీగా పడుతుంది, గ్రీజు కూడా అంతటా పరుచుకుంటుంది. పివట్ బేరింగు అలా తిరగదు. కొన్ని డిగ్రీల మేర ముందుకూ వెనక్కూ ఊగుతుంది, అంతే. అవే గోళీలు అదే చోట వేలసార్లు నొక్కుకోవడంతో అక్కడి గ్రీజు పక్కకు తొలగి మళ్లీ రాదు, వలయంలో సన్నని గుంటలు పడతాయి, ఆపై నీరు చేరితే తుప్పు మొదలవుతుంది. అందుకే పివట్ల కోసం గోళీలను ఎడంగా పట్టి ఉంచే పంజరం లేకుండా, ఆ స్థలాన్ని కూడా గోళీలతోనే నింపిన ‘మ్యాక్స్’ రకం బేరింగులు తయారు చేస్తారు. కొనేటప్పుడు సీలు మీది అంకెను చూడండి: 6902 అంటే లోపలి వ్యాసం 15, బయటి వ్యాసం 28, మందం 7 మిల్లీమీటర్లు, 6802 అయితే లోపల అదే 15, బయట 24, మందం 5. లోపలి కొలత ఒక్కటే చూసి తెచ్చుకుంటే పొరపాటు జరిగేది ఇక్కడే.

ఇప్పుడు తీయడం. నేర్చుకుంటున్న రోజుల్లో నేను ఒక బేరింగును సుత్తితో, ఇనుప కడ్డీతో కొట్టి తీశాను. అది ఒక పక్కకు ఒరిగి, తాను కూర్చునే గుల్ల అంచును చెక్కుకుంటూ బయటికి వచ్చింది. లోహానికైతే సొట్ట పడుతుంది, సొట్ట కంటికి కనిపిస్తుంది. కార్బన్‌లో మాత్రం పైకి ఏమీ తెలియకుండానే లోపలి పొరలు విడిపోవచ్చు. కాబట్టి కార్బన్ ఫ్రేమ్ దగ్గర బేరింగును లాగాలి, కొట్టకూడదు. మరలున్న పొడవాటి కడ్డీ, దానికి సరిపడే నట్లు, ఒక వైపు బేరింగు కన్నా కొంచెం పెద్ద నోరున్న కప్పు, మరో వైపు బేరింగును తోసే బిళ్ల ఉంటే చాలు. కప్పు అంచు కార్బన్ మీద ఆనే చోట పలుచని ప్లాస్టిక్ వాషరు వేసి, నట్టును పావు చుట్టు చొప్పున బిగిస్తూ పోతే బేరింగు నిటారుగా కప్పులోకి వచ్చేస్తుంది. రాకపోతే హీట్ గన్ జోలికి వెళ్లకండి. వేడికి కార్బన్ పోగులను పట్టి ఉంచే ఎపాక్సీ, గుల్లలో అల్యూమినియం తొడుగును అంటించిన జిగురు రెండూ మెత్తబడతాయి.

ఖాళీ అయిన గుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మంచి వెలుతురులో చూడండి. తెల్లని పొడి కనిపిస్తే అది అల్యూమినియం తినివేత. తడి, ఉప్పు చేరిన చోట కార్బన్‌ను తాకి ఉన్న అల్యూమినియమే ముందుగా క్షయిస్తుంది. పొడి కొద్దిగా ఉంటే ప్లాస్టిక్ బద్దతో గీకి శుభ్రం చేయవచ్చు. తొడుగే వేలితో కదులుతున్నా, దాని చుట్టూ చీలిక కనిపించినా పని అక్కడే ఆపి, ఫ్రేమ్‌ను తయారీదారుకో కార్బన్ మరమ్మతు నిపుణుడికో అప్పగించాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

కొత్త బేరింగును ఎక్కించేటప్పుడు తోసే బిళ్ల దాని బయటి వలయాన్ని మాత్రమే తాకాలి. లోపలి వలయాన్ని నొక్కితే ఆ బలమంతా గోళీల గుండా పోయి, బేరింగు వాడకముందే గుంటలు పడుతుంది. తయారీదారు వేరే పదార్థం చెప్పకపోతే అల్యూమినియం తొడుగులో పలుచగా గ్రీజు రాసి, మొదటి మిల్లీమీటరు దిగాక పక్క నుంచి చూసి, ఒరిగినట్లుంటే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. నట్టు ఒక్కసారిగా బిగుసుకుంటే బేరింగు అడుగుకు చేరినట్టు, ఇక తిప్పవద్దు.

బోల్టుల విషయంలో ఇరుసు నునుపు భాగానికి గ్రీజు, మరలకు మధ్యస్థ బలమున్న థ్రెడ్‌లాకర్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) రాయాలి. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవకూడదు. అన్నింటినీ ముందు వేళ్లతో బిగించి, స్వింగ్ ఆర్మ్‌ను రెండు మూడు సార్లు ఆడించి, ఆ తరువాతే టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పనిముట్టు) వాడండి. ఎంత బిగించాలన్నది ఆ ఫ్రేమ్ తయారీదారు ఆ బోల్టుకు ఇచ్చిన అంకె మాత్రమే చెబుతుంది. ఒకే ఫ్రేమ్‌లో రెండు బోల్టులకు రెండు అంకెలు ఉండడం మామూలే.

థ్రెడ్‌లాకర్ పూర్తిగా గట్టిపడడానికి 24 గంటలు ఆగండి. ఈలోగా ప్రతి బోల్టు తల మీద నుంచి పక్కనున్న లింకు మీదికి పెయింట్ పెన్నుతో ఒక సన్నని గీత గీయండి. మొదటి సవారీ తరువాత ఆ గీత రెండు ముక్కలై పక్కకు జరిగి కనిపిస్తే ఆ బోల్టు వదులైంది. దాన్ని తీసి, పాత జిగురును శుభ్రం చేసి, కొత్తగా రాసి, మళ్లీ అదే టార్కుకు బిగించాలి.