చిన్న ఫోన్‌లో పెద్ద వీడియో ఆగకుండా ఆడాలంటే

వీడియో తడబడగానే చాలామంది ప్లేయర్ యాప్ మారుస్తారు, లేదంటే ఇంకాస్త చిన్న సైజు ఫైలు కోసం వెతుకుతారు. ఈ రెండూ ఎక్కువసార్లు దండగ. 2 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్‌లో 8 జీబీ ఫైలు నల్లేరు మీద బండిలా సాగిపోవచ్చు, అదే ఫోన్‌లో 400 ఎంబీ ఫైలు అడుగడుక్కీ ఆగవచ్చు. తేడా వచ్చేది సైజు దగ్గర కాదు, చిప్‌లో ఉండే వీడియో డీకోడర్ దగ్గర.

ఈ హార్డ్‌వేర్ డీకోడర్ వీడియోను విప్పడానికే చేసిన విడి సర్క్యూట్. తనకు తెలిసిన ఫార్మాట్ దొరికితే ప్రాసెసర్‌ను దాదాపు కదిలించకుండా పని కానిస్తుంది. తెలియనిది వస్తే మొత్తం భారం ప్రాసెసర్ మీద పడుతుంది. సాఫ్ట్‌వేర్ డీకోడింగ్ అనేది దీన్నే. ఫోన్ వేడెక్కడం, బ్యాటరీ కరిగిపోవడం, బొమ్మ వెనకబడి మాట ముందుకు పోవడం అన్నీ ఇక్కడే మొదలవుతాయి. కాబట్టి ముందు చూడాల్సింది ఫైలులో ఏముంది, ఫోన్‌కు ఏం తెలుసు అన్న రెండు సంగతులే.

ఫైలు సంగతి మీడియాఇన్ఫో అనే యాప్ చెబుతుంది. కంప్యూటర్‌కూ ఆండ్రాయిడ్‌కూ ఉచితంగా దొరుకుతుంది. పేరు చివర ఎంకేవీ ఉందా, ఎంపీ4 ఉందా అన్నది పట్టించుకోకండి, అవి పైన ఉన్న పెట్టెలు మాత్రమే. వీడియో విభాగంలో ఫార్మాట్, ప్రొఫైల్ (ఆ ఫార్మాట్‌లో ఏ రకమో), బిట్ డెప్త్ (ఒక్కో రంగుకు ఎన్ని బిట్లో), కొలతలు, ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని బొమ్మలో), బిట్ రేట్ (సెకనుకు ఎంత డేటానో) చూడండి. ఆడియో విభాగంలో ఫార్మాట్ ఒక్కటి చాలు.

ఏవీసీ అని ఉంటే అది హెచ్.264. 8 బిట్, హై ప్రొఫైల్, లెవెల్ (డీకోడర్ మీద పడే బరువుకు హద్దు చెప్పే అంకె) 4.1 లోపు అయితే 1080పీ (నిలువునా 1080 చుక్కలు) వరకూ చాలా ఫోన్లు సులువుగా ఆడిస్తాయి. అదే ఏవీసీ పక్కన 'హై 10' అని కనిపిస్తే చిక్కే. 10 బిట్ హెచ్.264ను విప్పే హార్డ్‌వేర్ ఫోన్లలో దాదాపు లేదు, ఖరీదైన ఫోన్లలోనూ అంతే. యానిమే ఫైళ్లలో ఈ రకం తరచుగా తగులుతుంది. హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.265, అయితే 'మెయిన్'కూ 'మెయిన్ 10'కూ తేడా గమనించండి. మొదటిదాన్ని ఆడించే పాత చిప్‌లు చాలావాటికి రెండోది రాదు. ఏవీ1 అనే ఫార్మాట్ కొత్తది, 2018లో వచ్చింది. తక్కువ శక్తి గల చిప్‌లలో దానికి హార్డ్‌వేర్ ఉండటం అరుదు. డేవిడ్ అనే సాఫ్ట్‌వేర్ డీకోడర్ చురుకైనదే కాబట్టి 480పీ దాకా సర్దుకోవచ్చు, 1080పీ మీద ఆశ పెట్టుకోకండి.

లెవెల్ అంకెనూ తేలిగ్గా తీసుకోవద్దు. 1080పీ వీడియోకు లెవెల్ 4.1 నాలుగు రిఫరెన్స్ ఫ్రేములే (తర్వాతి బొమ్మను కట్టడానికి దగ్గర ఉంచుకునే బొమ్మలు) అనుమతిస్తుంది. 5.1 అని ఉంటే డీకోడర్ ఒకేసారి గుర్తుపెట్టుకోవాల్సిన ఫ్రేములు 16 దాకా ఉండవచ్చు. చిన్న డీకోడర్ అక్కడే చేతులెత్తేస్తుంది. 60 ఫ్రేముల వీడియో కూడా ఇలాంటిదే, ఎందుకంటే లెవెల్ 4.1 హద్దు 1080పీలో సెకనుకు 30 ఫ్రేములు.

ఇక ఫోన్ సంగతి. కోడెక్ ఇన్ఫో లాంటి యాప్ డీకోడర్ల జాబితా చూపిస్తుంది. పేరులో 'గూగుల్' లేదా 'సీ2.ఆండ్రాయిడ్' అని ఉన్నవి సాఫ్ట్‌వేర్‌వి. 'క్యూకామ్', 'ఎంటీకే' లాంటి చిప్ తయారీదారు గుర్తు ఉన్నవి అసలు హార్డ్‌వేర్. జాబితాలో హెచ్‌ఈవీసీ కనిపించగానే సంబరపడకుండా అది ఏ రకమో, గరిష్ఠ కొలత ఎంతో కూడా చూడండి.

ఫైలు, ఫోన్ కుదిరినా వీడియో తడబడుతుంటే అప్పుడు ప్లేయర్‌ను చూడాలి. వీఎల్‌సీ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ 'ఆటోమేటిక్'లో ఉంటే దాన్ని 'ఫుల్'కు మార్చి చూడండి. ఎంఎక్స్ ప్లేయర్‌లో పైన ఉండే డీకోడర్ గుర్తు నొక్కితే హెచ్‌డబ్ల్యూ, హెచ్‌డబ్ల్యూ ప్లస్ (రెండూ హార్డ్‌వేర్), ఎస్‌డబ్ల్యూ (సాఫ్ట్‌వేర్) అని మూడు కనిపిస్తాయి. మొదటి రెండూ ప్రయత్నించండి. ఎస్‌డబ్ల్యూ చివరి దారి. బొమ్మంతా ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో మారితే హార్డ్‌వేర్ తనకు రాని 10 బిట్ ఫైలును విప్పబోయిందని అనుమానించండి. సాఫ్ట్‌వేర్‌కు దిగక తప్పకపోతే వీఎల్‌సీ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో బొమ్మలో గళ్లను నునుపు చేసే డీబ్లాకింగ్ ఫిల్టర్ తగ్గించవచ్చు. బొమ్మలో చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి గానీ ప్రాసెసర్‌కు ఊపిరి ఆడుతుంది.

ఎప్పుడు ఆగుతోందో గమనిస్తే కారణం చాలావరకు బయటపడుతుంది. మొదటి సెకను నుంచీ తడబాటు ఉంటే డీకోడర్ కుదరలేదు. వాన, పొగ, జనసమూహం ఉన్న దృశ్యాల్లోనే ఆగితే అక్కడ బిట్ రేట్ ఎగబాకుతోంది. పది, పదిహేను నిమిషాలు బాగా ఆడి తర్వాత ఆగితే వేడికి చిప్ తన వేగం తగ్గించుకుంటోంది. కవరు తీసేయండి, ఛార్జింగ్ ఆపండి, తెర వెలుతురు తగ్గించండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే అదీ ప్రాసెసర్‌ను కట్టేస్తుంది. సబ్‌టైటిల్స్ వచ్చినప్పుడే ఆగితే వాటిని ఆపి చూడండి. రంగులు, కదలికలు ఉన్న ఏఎస్‌ఎస్ సబ్‌టైటిల్స్‌ను గీయడం వీడియో విప్పడమంత భారం అయిన సందర్భాలూ ఉన్నాయి.

మెమరీ కార్డును అనవసరంగా తిడుతుంటారు. 20 ఎంబీపీఎస్ (సెకనుకు 20 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైట్) వీడియోకు సెకనుకు 2.5 ఎంబీ చదివితే చాలు. పాడైన కార్డో నకిలీదో అయితే తప్ప అది అడ్డు కాదు. వైఫై మీద నెట్‌వర్క్ నుంచి ఆడిస్తుంటే మాత్రం అదే ఫైలును ఫోన్‌లోకి కాపీ చేసి ఆడించి చూడండి, తప్పు ఎటువైపుదో తేలిపోతుంది.

బొమ్మ బాగుండి మాట రాకపోతే ఆడియో డీటీఎస్ లేదా ఈఏసీ3 అయి ఉంటుంది. లైసెన్సుల గొడవ వల్ల కొన్ని ప్లేయర్లు వీటిని వదిలేస్తాయి. దీనికోసం వీడియో మొత్తాన్ని కన్వర్ట్ చేయడం తప్పు. వీఎల్‌సీలో ఆడించి చూడండి. అక్కడా కుదరకపోతే కంప్యూటర్‌లో ఎవిడీమక్స్ అనే ఎడిటర్ తెరిచి వీడియో అవుట్‌పుట్ 'కాపీ'లో ఉంచి, ఆడియోను మాత్రం ఏఏసీకి మార్చి సేవ్ చేయండి. బొమ్మ నాణ్యత వెంట్రుకవాసి కూడా తగ్గదు, పని నిమిషాల్లో అయిపోతుంది.

వీడియోనే కుదరదని తేలాక కన్వర్ట్ చేయాలి, అదీ కంప్యూటర్‌లోనే. ఫోన్‌లోనే చేసే యాప్‌లు ఫోన్‌ను గంటల తరబడి మాడ్చేస్తాయి. ఫోన్ తెర వెడల్పు 720 చుక్కలే అయితే 720పీ మించి దాచుకోవడం వృథా. 4కే ఫ్రేములో దానికి తొమ్మిది రెట్ల చుక్కలుంటాయి, తెర మీదకు వచ్చేసరికి అదనమంతా పారేసినట్టే.

కంప్యూటర్‌లో హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో ఫైలు తెరిచి 'ఫాస్ట్ 720పీ30' ప్రీసెట్ ఎంచుకోండి. ఫార్మాట్ ఎంపీ4. వీడియో ట్యాబ్‌లో ఎన్‌కోడర్ ఎక్స్264 (హెచ్.264 తయారుచేసేది), అదీ 10 బిట్ రకం కాకుండా మామూలుది. ప్రొఫైల్ హై, లెవెల్ 3.1 పెట్టండి. నాణ్యతను నిర్ణయించే ఆర్ఎఫ్ 20 నుంచి 23 మధ్య ఉంచండి. ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. 21తో మొదలుపెట్టడం మంచిది. 'ఫాస్ట్ డీకోడ్' అనే టిక్కు హార్డ్‌వేర్ డీకోడర్ అసలు పనిచేయని ఫోన్లకే, మిగతావాళ్లకు దానివల్ల సైజు పెరగడమే మిగులుతుంది. మూలం హెచ్‌డీఆర్ (వెలుగునీడల పరిధి ఎక్కువగా ఉండే వీడియో) అయితే ఫిల్టర్స్‌లో కలర్‌స్పేస్‌ను బీటీ.709 (మామూలు హెచ్‌డీ వీడియో రంగుల ప్రమాణం) చేయండి, లేకపోతే రంగులు వెలిసిపోయినట్టు వస్తాయి. ఆడియో ఏఏసీ, స్టీరియో, 160 కేబీపీఎస్. బ్లూరే నుంచి వచ్చే పీజీఎస్ సబ్‌టైటిల్స్ బొమ్మలు కాబట్టి ఎంపీ4లో విడిగా ఇమడవు. కావాలంటే 'బర్న్ ఇన్' చేయాలి, ఆ తర్వాత వాటిని ఆపడం కుదరదు.

మొత్తం సినిమాను ఒకేసారి అప్పగించకండి. రేంజ్‌ను సెకన్లకు మార్చి, బాగా హడావిడిగా ఉన్న చోట రెండు నిమిషాలు మాత్రం తీసి ఫోన్‌లో ఆడించండి. ఆగకపోతే మొత్తం పెట్టండి, ఆగితే లెవెల్ సరిగా పడిందో లేదో మీడియాఇన్ఫోలో చూసుకోండి. సగటు బిట్ రేట్ 2.5 ఎంబీపీఎస్ వస్తే రెండు గంటల సినిమా ఆడియోతో కలిపి 2.4 జీబీ దగ్గర తేలుతుంది. ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన మెమరీ కార్డులు 4 జీబీ దాటిన ఫైలును తీసుకోవు, ఈ సైజుకు ఆ ఇబ్బందీ రాదు.