ఆపరేషన్ తర్వాత చర్మ సమస్యల కోడింగ్: ఎర్రర్ పడితే ఎక్కడ వెతకాలి

మా నెల్లూరు, కావలి, ఒంగోలు పిల్లలు చాలామంది బీఫార్మసీయో బీఎస్సీయో అయిపోగానే పినాకిని రైలెక్కి చెన్నై పోయి మెడికల్ కోడింగ్‌లో, అంటే పేషెంట్ చార్టులోని సమస్యలకి కోడులు వేసే పనిలో చేరతారు. కొన్ని నెలలకి నాకు ఫోన్ వస్తుంది. "అక్కా, సర్జరీ చార్టుకి టీ81 వేశాను, ఆడిట్‌లో ఎర్రర్ కొట్టారు, ఎందుకో అర్థం కావట్లేదు." టీ81 అంటే ప్రొసీజర్ వల్ల వచ్చిన కాంప్లికేషన్ల కోడు, ఆడిట్ అంటే మనం వేసిన కోడుల తనిఖీ. ఇండెక్స్‌లో (అక్షరక్రమ జాబితాలో) వెతికి టాబ్యులర్‌లో (కోడుల వరుస జాబితాలో) సరిచూసుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా. చార్టులు అమెరికా పేషెంట్లవి, జబ్బుల కోడుల పుస్తకం ఐసీడీ-10-సీఎం.

"డాక్యుమెంటేషన్ సపోర్ట్ చేయట్లేదు" అని తిరిగొచ్చింది

ముందు చూడాల్సింది ఇదే, ఎవరూ చూడనిదీ ఇదే. చార్టులో "సర్జరీ అయి అయిదో రోజు, గాటు చుట్టూ ఎరుపు" అని ఉంటుంది. మీరు ఇన్‌ఫెక్షన్ అనుకుని టీ81.41ఎక్స్‌ఏ (గాటు పైపొర ఇన్‌ఫెక్షన్ కోడు) వేసేస్తారు. డాక్టరు ఇన్‌ఫెక్షన్ అన్నారా? అనలేదు. సర్జరీ తర్వాత వచ్చిందని రాశారు గానీ సర్జరీ వల్ల వచ్చిందని ఎక్కడా రాయలేదు. ఐసీడీ-10-సీఎం అధికారిక గైడ్‌లైన్స్‌లో మొదటి సెక్షన్, బి భాగం, 16వ అంశం తెరిచి చదవండి, అర పేజీ కూడా ఉండదు. ప్రొసీజర్ తర్వాత వచ్చిన ప్రతిదీ కాంప్లికేషన్ కాదు, దానికీ ప్రొసీజర్‌కీ ఉన్న కార్యకారణ సంబంధం డాక్టరు రాతలో కనపడాలి, అది వైద్యపరంగా లెక్కలోకి వచ్చేదిగానూ ఉండాలి. "కాంప్లికేషన్" అనే మాటే ఉండాలని లేదు, సంబంధం తెలిస్తే చాలు. తెలియకపోతే డాక్టరుకి క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) పెట్టండి. క్వెరీలో "ఇది ఇన్‌ఫెక్షనే కదా" అని జవాబు మీరే అందించకూడదు, కనిపించిన లక్షణాలు రాసి దాని అర్థం ఏమిటని అడగాలి.

ఆపరేషన్ చేసిన చోట కాస్త కమిలితే అది మామూలే, దానికి కోడు వెతకొద్దు. ప్లాస్టర్ అంటించిన మేర ఎర్రబడి దురద పెడుతోంది, జిగురు పడక వచ్చిన అలర్జీ అని డాక్టరే రాస్తే అది ఎల్23.1. దాన్ని కూడా ఎల్76.82లో (ప్రొసీజర్ తర్వాతి ఇతర చర్మ సమస్యల్లో) పడేసేవాళ్లని చూశాను.

కోడు సరైనదే, అయినా ఎర్రర్: ఏడో అక్షరం

కోడు చివర ఏడో స్థానంలో వచ్చే "ఏ", "డీ" లాంటి అక్షరం ఇది. నేను గట్టిగా దెబ్బతిన్నది ఇక్కడే, అందుకే దీన్ని కాస్త విడమరిచి చెబుతా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు గాయాల క్లినిక్ చార్టులు ఇచ్చారు. అందరూ ఎప్పుడో సర్జరీ అయి మళ్లీ వచ్చినవాళ్లే. చార్టు పైన "పోస్ట్ ఆప్ ఫాలో అప్" అని ఉంటే, సర్జరీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఇది సబ్‌సీక్వెంట్ (తర్వాతి విజిట్) అనుకుని అన్నిటికీ "డీ" పెట్టుకుంటూ పోయాను. టీ81.41ఎక్స్‌డీ, టీ81.31ఎక్స్‌డీ (గాటు విచ్చుకోవడం), ఇలా రెండు వారాల చార్టులు. పక్క సీటు అమ్మాయి కూడా అదే చేస్తుండటంతో నాకు అనుమానమే రాలేదు. ఆడిట్ అయ్యాక అన్నీ మళ్లీ తెరిచి ఒక్కొక్కటే చేయాల్సి వచ్చింది. ఆ వారం టెన్షన్ ఇంకా గుర్తుంది.

మనల్ని బోల్తా కొట్టించేది "ఏ"కి ఉన్న "ఇనిషియల్ ఎన్‌కౌంటర్" అనే పేరు. అది వినగానే మొదటిసారి రావడం అనుకుంటాం. ఏడో అక్షరానికి ఎన్నోసారి వచ్చారన్నదానితో పని లేదు. ఆ కోడు చెప్పే సమస్యకి ఈ రోజు చురుగ్గా వైద్యం జరుగుతుంటే "ఏ". ఆ వైద్యం పూర్తయి, మానే దశలో మామూలుగా చూసుకుంటుంటే "డీ". మన ఇళ్లలో పుండుకి మందు వేస్తున్నాం అనడం వేరు, పుండు ఆరుతోంది, చూస్తున్నాం అనడం వేరు, అంతే తేడా.

కాంప్లికేషన్ కోడుల్లో ఇంకో మెలిక ఉంది. లెక్క మొదలయ్యేది సర్జరీ దగ్గర కాదు, కాంప్లికేషన్ దగ్గర. గైడ్‌లైన్స్ 19వ చాప్టర్ భాగంలో దీనికి కృత్రిమ కీలు ఉదాహరణ ఇచ్చారు: కీలు ఎప్పుడో వేశారు, ఇన్‌ఫెక్షన్ ఇప్పుడు వచ్చింది, ఆ ఇన్‌ఫెక్షన్‌కి వైద్యం చేస్తున్నారు కాబట్టి టీ84.50ఎక్స్‌ఏ. చర్మం గాటుకీ ఇదే వర్తిస్తుంది.

హెర్నియా ఆపరేషన్ అయిన పన్నెండో రోజున ఒక పేషెంట్ చీముతో వచ్చాడనుకోండి. గాటులో పైపొర ఇన్‌ఫెక్షన్ అని రాసి, సర్జన్ కుట్లు తీసి చీము బయటికి పంపి యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఇది టీ81.41ఎక్స్‌ఏ. వారం తర్వాత అదే క్లినిక్, అదే డాక్టరు. ఇన్‌ఫెక్షన్ ఇంకా ఉంది, మందు మార్చారు, గాటు పైపొరలో చెడిన భాగం తీశారు. ఇది కూడా "ఏ"నే, ఎందుకంటే వైద్యం ఇంకా నడుస్తోంది. డాక్టరు మారినా ఇంతే. ఇంకో పది రోజులకి ఇన్‌ఫెక్షన్ తగ్గిపోయింది, మందులు ఆపేశారు, గాటు బాగా పూడుతోందని చూసి పంపించారు. ఇప్పుడు "డీ".

న్యూ పేషెంటా, ఎస్టాబ్లిష్డ్ పేషెంటా అనే లెక్క విజిట్ కోడుకి పనికొచ్చేది, దాన్ని తెచ్చి ఇక్కడ కలపకండి. చార్టు పైన ఉన్న విజిట్ పేరు వదిలేసి, కిందికి పోయి ప్లాన్ చదవండి. ఆ రోజు ఏం చేశారో అక్కడే ఉంటుంది. కిందటి విజిట్ కోడుని కాపీ చేసే అలవాటు ఉంటే ముందు అది మానుకోండి, "ఏ"లూ "డీ"లూ తారుమారయ్యేది ఎక్కువగా అక్కడే.

మానే దశలో డ్రెస్సింగ్ మార్చడానికి వచ్చారని జెడ్48.01 వేసేస్తారు కొందరు. ఏడో అక్షరం ఉన్న కాంప్లికేషన్ కోడు ఉన్నప్పుడు ఆఫ్టర్‌కేర్ (వైద్యం తర్వాతి సంరక్షణ) జెడ్ కోడు వద్దు, అదే కోడుకి "డీ" పెట్టాలి. ఏ ఇబ్బందీ లేని గాటుకి డ్రెస్సింగ్ అయితే జెడ్48.01 సరే.

ఎల్76లో చివరి అంకె తప్పింది

ఎల్76 అంటే ప్రొసీజర్ వల్ల వచ్చే చర్మ సమస్యల కోడు. హెమటోమా (రక్తం గడ్డకట్టడం), సెరోమా (నీరు చేరడం) చార్టుల్లో వచ్చే తప్పు ఇది. ఎల్76.31, ఎల్76.33 చర్మానికి చేసిన ప్రొసీజర్ తర్వాత వచ్చినవాటికి, ఎల్76.32, ఎల్76.34 మిగతా ప్రొసీజర్ల తర్వాత వచ్చినవాటికి. మోకాలి ఆపరేషన్ అనగానే ఎముక-కండరాల కోడు ఎం96కి పరిగెత్తకండి. రక్తం గడ్డకట్టింది చర్మం కిందే అని డాక్టరు రాస్తే అది ఎల్76.32, ఎముక-కండర భాగంలో అని రాస్తే ఎం96.840. ముందు సమస్య ఎక్కడ ఉందో చూడాలి, ఆ తర్వాతే ఏ ఆపరేషన్ అన్నది. రక్తస్రావానికి ఎల్76.2 వేరే ఉంది, హెమటోమాని అందులో వేయకండి, 2016 అక్టోబరు 1 నుంచి రెండూ విడిపోయాయి. ఎల్76.82 వేస్తే అసలు సమస్య ఏమిటో చెప్పే రెండో కోడు కూడా చూసుకోండి. ఎల్76కి ఏడో అక్షరం లేదు.

అరుదుగా వచ్చేవి

సిజేరియన్ గాటు ఇన్‌ఫెక్షన్ అయితే టీ81 కాదు, ఓ86.0. ఆ గాటు విచ్చుకుంటే ఓ90.0. చర్మం అతికించింది నిలవకపోతే టీ86.82లో చూడండి. కుట్టు దగ్గర చీము గడ్డకి వేరే కోడు లేదు, టీ81.41లోనే ఉంది. ఇంజెక్షన్ వల్ల వచ్చిన ఇన్‌ఫెక్షన్ టీ80.2. మానని సర్జరీ గాయం అని మాత్రమే ఉంటే టీ81.89ఎక్స్.

"కోడు చెల్లదు" అని సాఫ్ట్‌వేరే వెనక్కి కొడితే, ఏడో అక్షరానికి ముందు ఖాళీ స్థానం నింపే "ఎక్స్" పెట్టారో లేదో చూడండి. అది ఉన్నా ఒప్పుకోకపోతే మీరు వాడుతున్నది పాత టీ81.4ఎక్స్‌ఎక్స్‌ఏ అయుంటుంది. 2018 అక్టోబరు 1 నుంచి దాన్ని టీ81.40 మొదలు టీ81.49 దాకా విడగొట్టారు. సీనియర్లు ఎప్పుడో ఇచ్చిన ఎక్సెల్ షీట్లలో అది ఇంకా తిరుగుతోంది, మీ షీట్‌లో ఉంటే ఈ రోజే తీసేయండి.