రంభ రేవులో పడవ ఎక్కే ముందు

చిలికా సరస్సులో భార్యాభర్తలిద్దరే పడవ మీద వండుకుంటూ, గాలం వేసుకుంటూ నాలుగు రోజులు గడపబోతున్నారా? బరంపురంలోనే ఇవి సరిచూసుకోండి.

• గాలి సంగతి అన్నిటికంటే ముఖ్యం. సరస్సు లోతు తక్కువ కాబట్టి గాలి లేచిన కాసేపటికే అలలు నిటారుగా లేస్తాయి. వాతావరణ శాఖ హెచ్చరికలు రెండు పూటలా వినండి. అక్టోబరులో వాయుగుండం మాట వినిపిస్తే ప్రయాణం మానుకోండి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను తీరం దాటింది ఈ పక్కనే, గోపాల్‌పూర్ దగ్గర.

• తాగునీరు ఒక రోజుకు అదనంగానే తీసుకెళ్లండి. సరస్సు నీరు ఉప్పన.

• గ్యాసు పొయ్యి వాడితే, వంట కాగానే సిలిండరు వాల్వు మూసేయండి. కారిన గ్యాసు గాలికంటే బరువు. పడవ అడుగున పేరుకుంటుంది. ఇంజను వేసే ముందు వాసన చూడండి.

• ఈత వచ్చినా ఇద్దరికీ లైఫ్ జాకెట్లు.

• నలబన పక్షుల అభయారణ్యం, అక్కడ గాలం వేయకూడదు. సాతపడా వైపు డాల్ఫిన్లు కనిపిస్తే వేగం తగ్గించి దూరంగా ఉండండి.

• చీకట్లో పడవ నడపకండి. జాలర్లు పాతిన కర్రలు, వలలు కనిపించవు. తెగే ప్రతి వలా ఒక ఇంటి కూడు. లంగరు వేసే చోటు వాళ్లనే అడగండి.