పొరుగు దేశం మీద పట్టు ఎంతో అంచనా వేయడం ఎలా?

జీడీపీ పట్టిక చూసి, పెద్ద దేశం మాటే చెల్లుతుందని తేల్చేయకండి. ముందు చిన్న దేశానికి పెట్రోలు, వంటగ్యాస్ ఎక్కణ్నుంచి, ఏ దారిన వస్తున్నాయో చూడండి. నేపాల్‌నే తీసుకోండి, ఇంధనం దాదాపు మొత్తం ఇండియన్ ఆయిల్ నుంచే, ఎక్కువ భాగం బిహార్‌లోని రక్సౌల్ దాటి, సరిహద్దు అవతలి బీర్‌గంజ్ మీదుగా ట్యాంకర్లలో వెళ్లేది. 2015లో కొత్త రాజ్యాంగం వచ్చాక సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. భారతే ఆపిందని నేపాల్ అంది, నేపాల్ దక్షిణ మైదానాల్లో ఉండే మధేసీల ఆందోళన వల్లేనని మనవాళ్లన్నారు, ఏదైతేనేం, ఖాట్మండులో గ్యాస్ దొరక్క జనం కట్టెల పొయ్యి మీద వండుకున్నారు.

తర్వాత, వాళ్లకి ఇంకో దారి ఉందా అని చూడాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే గట్టిగా బిగిస్తే ఎవరైనా వేరే దిక్కు వెతుక్కుంటారు. 2016లోనే నేపాల్ చైనాతో రవాణా ఒప్పందం చేసుకుంది.

అప్పులు కూడా చూడండి. శ్రీలంక 2017లో హంబన్‌తోట రేవును 99 ఏళ్లకు చైనా కంపెనీకి లీజుకిచ్చింది. 2022లో శ్రీలంక అప్పులు కట్టలేక చేతులెత్తేస్తే భారత్ సుమారు 400 కోట్ల డాలర్ల సాయం అందించింది, అయినా అదే ఏడాది ఆగస్టులో, మనం వద్దంటున్నా, ఉపగ్రహాలు, క్షిపణుల జాడ పట్టగల చైనా పరిశోధన నౌక యువాన్ వాంగ్ 5 ఆ రేవులోనే ఆగింది.

అలాగని సాయం వృథా అయిందనుకోవద్దు, ఒక్క సంఘటనతో తీర్పు చెప్పకుండా ఏడాది, రెండేళ్లు గమనించండి. 2024 జనవరి నుంచి ఏడాదిపాటు విదేశీ పరిశోధన నౌకలను రానివ్వబోమని శ్రీలంక ప్రకటించింది.