క్యాబిన్ క్రూ ఇంటర్వ్యూకి బయల్దేరే ముందు

క్యాబిన్ క్రూ అంటే విమానంలో ప్రయాణికులను చూసుకునే సిబ్బంది. ఆ ఉద్యోగానికి వెళ్లే ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు పిల్లలు ముందుగా చూసుకోవాల్సింది కాగితాల్లో పేరు. మన ఇళ్లల్లో పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. ఒడిశా బోర్డు సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా పడుతుంది. ఎంపికయ్యాక అక్కడే పని ఆగిపోతుంది. దిద్దుబాటుకు నెలలు పట్టొచ్చు, ఇప్పుడే మొదలుపెట్టండి.

- ఎత్తు చెప్పుల్లేకుండా గోడకు ఆని కొలుచుకోండి. మన దేశపు విమాన సంస్థలు అమ్మాయిలకు చాలావరకు 155 సెం.మీ. అడుగుతాయి. దుబాయ్ విమాన సంస్థ ఎమిరేట్స్‌కి 160 ఉండాలి, మునివేళ్ల మీద నిలబడి 212 సెం.మీ. అందుకోవాలి. సీట్ల పైనున్న అరల్లోని అత్యవసర సామాను తీయాలి కదా, అందుకే ఈ కొలత.
- యూనిఫాం వేసుకున్నాక కనబడేచోట పచ్చబొట్టు ఉంటే చాలా సంస్థలు ఒప్పుకోవు. మన ఊళ్లలో చిన్నప్పుడే చేతిమీద పొడిపిస్తారు. దరఖాస్తుకు ముందే నియమం చదవండి.
- ఫారంలో తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లిష్ అన్నీ రాయండి. రాసిన ప్రతి భాషలోనూ రెండు నిమిషాలు మాట్లాడగలగాలి.
- విమానంలో ప్రయాణికులకు వినిపించే ఇంగ్లిష్ ప్రకటన రోజూ గట్టిగా చదవండి. యాస గురించి బెంగ వద్దు, స్పష్టంగా ఉంటే చాలు.
- విశాఖకో భువనేశ్వర్‌కో ముందురోజే చేరండి. రాత్రి రైల్లో నలిగిన ముఖంతో వరుసలో నిలబడొద్దు.

ఉద్యోగం ఖాయమంటూ డిపాజిట్ అడిగేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. ఇంటర్వ్యూ పిలుపు నిజమో కాదో సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోండి.