ఐస్‌క్రీమ్ ఫ్రీజర్‌లో నేల ఉబ్బు: టెక్కలి రాతిపిండితో రెండు రోజుల పరీక్ష

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేల గడ్డకట్టదు. సైన్యంలోకో రోడ్డు పనులకో ఇక్కడి నుంచి లద్దాఖ్ వెళ్లేవాళ్లకు మాత్రం, చలికాలంలో తారురోడ్డు గూనిలా లేవడం, లోతు చాలని పునాది పైకి జరిగి గోడ బీటలివ్వడం పనిలో భాగమే. ఇంజనీర్లు దీన్ని ఫ్రాస్ట్ హీవ్ అంటారు. నీరు గడ్డకడితే 9 శాతం పెరుగుతుంది కాబట్టి నేల ఉబ్బుతుందని చాలామంది అనుకుంటారు. అది చిన్న వాటా మాత్రమే. దీపం వత్తి నూనెను పీల్చినట్టు, గడ్డకడుతున్న పొర కింది తడిని పైకి లాగి తన అడుగున మంచురేకులుగా పేరుస్తుంది. నేలను ఎత్తేది ఆ రేకులే. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్, గడ్డకడితే కుంచించుకుపోయే బెంజీన్‌తో మట్టిని తడిపినా అది పైకి లేస్తుందని 1930లోనే చూపించాడు. బెంజీన్ విషం, దాని జోలికి పోవద్దు. నీళ్లతోనే ఈ సంగతి తేల్చవచ్చు.

మట్టి ఎంపికే సగం పని. ఇసుకలో సందులు పెద్దవి, నీటిని పైకి అంతగా పీల్చలేదు. బంకమట్టి గట్టిగా పీలుస్తుంది కానీ నీటిని కదలనివ్వదు. రెంటికీ మధ్యనున్న మెత్తటి ఒండ్రే బాగా ఉబ్బుతుంది. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల దగ్గర మిగిలే స్లర్రీ, అంటే రాతిపిండి బురద, సరిగ్గా అలాంటిదే. ఎండిన స్లర్రీని చేత్తో నలిపితే ముగ్గుపిండిలా ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, మాస్కు కట్టుకుని ముందు నీళ్లు చల్లాకే కదపండి. అది దొరక్కపోతే నాగావళి, వంశధార ఒడ్డున వరద తీశాక మిగిలే ఒండ్రు తెచ్చుకోండి.

3 అంగుళాల పీవీసీ పైపును 2.5 సెంటీమీటర్ల రింగులుగా కోసి, ఆరేసి చొప్పున పేర్చి, బయట టేపు చుట్టండి. ఇలాంటి గొట్టాలు నాలుగు కావాలి. ఒకే ముక్క పైపు వాడితే గడ్డకట్టిన మట్టి గోడకు అతుక్కుని లేవదు. ఈ పరీక్ష ఎక్కువగా చెడేది అక్కడే. లోపల గ్రీజు పూసి, అడుగున నూలుగుడ్డ కట్టండి. గొట్టానికి సుమారు 920 గ్రాముల పొడి, 230 మిల్లీలీటర్ల ఫ్రిజ్ నీళ్లు కలిపి, గాలి బుడగలు లేకుండా కూరండి.

మొదటి గొట్టంలో రాతిపిండి. రెండోదాంట్లోనూ అదే, అయితే అడుగున పాలిథిన్ బిగించి కింది నీరు అందకుండా చేయండి. మూడోదాంట్లో అడుగున 5 సెంటీమీటర్ల మందాన 6 ఎంఎం కంకర చిప్స్, పైన గుడ్డ, ఆపైన రాతిపిండి. నాలుగోదాంట్లో కడిగిన ఏటి ఇసుక.

చేపలు పంపే థర్మోకోల్ పెట్టెలో 3 సెంటీమీటర్ల ఇసుక పరిచి, అది మునిగేదాకా చల్లటి నీళ్లు పోయండి. గొట్టాలను దానిమీద నిలబెట్టండి. నీటిమట్టం చిప్స్ మధ్యకు మించకూడదు. ఓ మూల గోరువెచ్చని నీళ్లు నింపిన లీటరు సీసాలు రెండు, మూతలు పైకి కనబడేలా ఉంచండి. ఇసుక మీద పాలిథిన్ పరిచి, గొట్టాల అంచుదాకా పొడి ఊక నింపండి. ఊక ఎత్తు పెరిగేకొద్దీ టేపు కోసేస్తూ రండి. మట్టి మీద రూపాయి నాణెం పెట్టి, పెట్టె అంచున అడ్డంగా కర్ర వేసి, కర్ర నుంచి నాణెం దాకా లోతు రాసుకోండి.

పెట్టె మూత వేయకుండా ఫ్రీజర్‌లో పెట్టండి. ఫ్రీజర్ గాలి మైనస్ 10 డిగ్రీల దగ్గర ఉండాలి. మైనస్ 20కి పెడితే నీరు పైకి రాకముందే ఉన్నచోటే గడ్డకడుతుంది, రేకులు కనిపించవు. 12 గంటలకోసారి సీసాల్లో గోరువెచ్చని నీళ్లు మార్చండి. అడుగు నీరు గడ్డకట్టిందంటే సరఫరా ఆగినట్టే. కరెంటు గంటల తరబడి పోతే మళ్లీ మొదలుపెట్టాలి.

రెండు రోజులయ్యాక కొలవండి. ఉదాహరణకు పై 6 సెంటీమీటర్లు గడ్డకట్టిందనుకుందాం. మట్టిలో 40 శాతం సందులుండి అవన్నీ నీటితో నిండినా, 60 × 0.4 × 0.09, అంటే 2.2 మిల్లీమీటర్లే లేవాలి. మొదటి గొట్టంలో అంతకు మించి లేచినదంతా కింది నుంచి వచ్చిన నీరు. రెండో గొట్టం ఆ లెక్క దగ్గరే ఆగాలి. మూడోది కూడా అంతే, ఎందుకంటే చిప్స్ సందుల్లోంచి నీరు పైకి ఎక్కలేదు. చలిప్రాంతాల రోడ్ల కింద కంకర పొర వేసేది ఇందుకే. అది పనిచేయాలంటే పొరలోకి మెత్తని మట్టి దిగకూడదు. 0.02 మిల్లీమీటర్ల కన్నా సన్నని పొడి 3 శాతం దాటితే కంకర మట్టి కూడా ఉబ్బుతుందని మట్టి ఇంజనీరింగ్ నిపుణుడు ఆర్థర్ కాసాగ్రాండే 1931లోనే హెచ్చరించాడు. అందుకే కంకరను కడిగి వాడాలి, నీరు బయటికి పోయే దారి ఉంచాలి.

మొదటి గొట్టం రింగులు తీసి, వేడి చాకుతో నిలువునా కోయండి. బూడిదరంగు మట్టి మధ్య సన్నని గాజుముక్కల్లా అడ్డంగా మంచురేకులు కనిపిస్తాయి. సగం ముక్కను పళ్లెంలో కరగనివ్వండి. కూరేటప్పుడు గట్టిగా ఉన్న ముద్ద ఇప్పుడు వేలితో నొక్కితే జారిపోతుంది. వసంతంలో ఆ రోడ్ల మీద బరువు లారీలను ఆపేది నేల ఈ స్థితిలో ఉన్నప్పుడే.